నల్లరేగడి మీద ఇల్లు: పునాది బీటలను చదవడం, సరిచేయడం

సంక్షిప్తంగా: గోడ మీద కనిపించే ప్రతి బీటా పునాది నుంచి వచ్చింది కాదు. నల్లరేగడి నేలల్లో మాత్రం చాలా బీటలకు మూలం పునాది కింద మట్టిలో తేమ మారుతూ ఉండటమే. బీట ఇంకా కదులుతోందో, ఆగిపోయిందో తేలకముందే పూడిస్తే అదే ఖర్చు మళ్లీ పెట్టాల్సి వస్తుంది. మొదట నీటి దారి సరిచేయాలి. తర్వాత ఒక వానాకాలం, ఒక ఎండాకాలం బీటను కొలవాలి. మరమ్మతు వంతు ఆ తర్వాతే.

గృహప్రవేశం అయి రెండేళ్లు తిరగకముందే కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక గీత బయలుదేరుతుంది. మేస్త్రీని పిలిస్తే గీతను కాస్త వెడల్పు చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసి వెళ్తాడు. మళ్లీ ఎండాకాలానికి అదే చోట అదే గీత. నంద్యాల, కర్నూలు, పల్నాడు, ప్రకాశం వైపు, ఇటు ఆదిలాబాద్, తాండూరు, జహీరాబాద్ వైపు నల్లమట్టిలో ఇల్లు కట్టుకున్నవారికి ఇది తెలిసిన వ్యవహారమే. అనుమానం ముందుగా సిమెంటు మీదికి, తర్వాత ఇనుము మీదికి, చివరికి మేస్త్రీ మీదికి పోతుంది. ఒక్కోసారి ఆ అనుమానం నిజమే అవుతుంది. కానీ పనిలో లోపమేమీ లేకుండా కట్టిన ఇళ్లు కూడా ఈ నేలలో బీటలు వారుతున్నాయంటే కారణం కోసం ఇంకాస్త కిందికి చూడాలి.

మట్టి ఊపిరి తీసినట్టు కదులుతుంది

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. ఇది కంటికి కనిపించనంత సన్నటి పొరలు పొరలుగా ఉంటుంది. నీరు తగిలితే ఆ పొరల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది, దాంతో మట్టి ఉబ్బుతుంది. ఎండితే ఆ నీరు పోయి పొరలు మళ్లీ దగ్గరవుతాయి, మట్టి కుదించుకుపోతుంది. వేసవిలో పత్తి చేలు నెర్రెలు వారి, చెయ్యి దూరేంత సందులు ఏర్పడటం రైతులు ప్రతి ఏడాదీ చూసేదే. ఆ నేల మీదే ఇల్లు కడితే గోడల కింద జరిగేదీ అదే.

దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు ఇలాంటి నల్లనేలలే. వీటిలో తేమ మారే లోతు సాధారణంగా మూడు, మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంటే నాలుగైదు అడుగుల లోతులో వేసిన ఫుటింగ్ (పిల్లరు కింద వేసే వెడల్పాటి కాంక్రీటు అడుగు) సరిగ్గా ఆ కదిలే పొరలోనే కూర్చుంటుంది.

మట్టి మొత్తం ఒకేలా లేచి ఒకేలా దిగితే ఇంటికి పెద్ద నష్టం ఉండదు. చిక్కంతా తేడాలోనే ఉంది. ఇంటి చుట్టూ అంచుల్లో మట్టి వానకు తడుస్తుంది, ఎండకు ఎండుతుంది. గచ్చు కింద, ఇంటి నడిమధ్యన ఉన్న మట్టికి ఎండ తగలదు. నేలలోంచి పైకి వచ్చే తేమ ఆవిరి కాలేక అక్కడే కొన్నేళ్లపాటు పోగవుతుంది. కాబట్టి వేసవిలో అంచులు దిగుతాయి, నడుమ నిలబడుతుంది. మంచి వానలు పడ్డాక అంచులు లేస్తాయి. ఒక పిల్లర్ పైకి, పక్క పిల్లర్ కిందికి పోతుంటే మధ్యలో ఇటుక గోడ ఆ సాగుడును తట్టుకోలేదు. పది అడుగుల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య ఒక సెంటీమీటరు ఎత్తు తేడా వస్తే, అంటే దూరంలో మూడువందల వంతు, గోడ బీట వారే స్థితికి వచ్చినట్టేనని ఇంజనీర్లు లెక్కగడతారు.

కాంక్రీటుకు కూడా ఒక బలహీనత ఉంది. నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. ఎం20 కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల నొక్కుడు ఓర్చుకుంటే, వంగినప్పుడు వచ్చే లాగుడుకు మూడు న్యూటన్ల దగ్గరే బీట వారుతుంది. మిగతా భారం మోసేది ఇనుము. అందువల్ల కాంక్రీటులో వెంట్రుక సందు లాంటి బీటలు రావడం తప్పు కాదు, అవి ఎంత వెడల్పు అన్నదే లెక్క. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట్ల 0.3 మిల్లీమీటర్ల వరకు, మట్టిని లేదా తేమను తాకే భాగాల్లో 0.2 వరకు ఫర్వాలేదు. పునాది రెండో కోవలోకి వస్తుంది.

బరువు తక్కువైన ఇంటికే బాధ ఎక్కువ

ఇల్లు ఎంత బరువైతే పునాదికి అంత ముప్పు అన్నది సహజంగా వచ్చే ఆలోచన. నల్లరేగడిలో చాలాసార్లు ఇది తలకిందులవుతుంది. మట్టి ఉబ్బేటప్పుడు పైకి తోసే ఒత్తిడి ఒక అంతస్తు ఇంటి పునాది కిందికి నొక్కే ఒత్తిడి కన్నా ఎక్కువ కావచ్చు. అప్పుడు నేలే గెలుస్తుంది, ఇల్లు లేస్తుంది. మూడు, నాలుగు అంతస్తుల భవనం ఆ తోపుడును కొంతవరకు అణచగలదు. కాంపౌండ్ గోడలు, వరండాలు, మెట్ల దిమ్మెలు, పోర్టికో పిల్లర్లు ముందుగా పగలడానికి కారణం ఇదే. అసలు ఇంటికీ, తర్వాత అతికించిన వంటగదికీ మధ్య నిలువునా విడిపోయిన గీత కూడా ఎక్కువగా ఈ తేడా వల్ల వచ్చిందే: రెండు భాగాల బరువు వేరు, పునాది లోతు వేరు, కదలిక వేరు.

గచ్చు సంగతి మరీ ఘోరం. ఫుటింగుల కోసం తవ్వితీసిన నల్లమట్టిని మళ్లీ బేస్‌మట్టంలో నింపి, పైన నాలుగంగుళాల కాంక్రీటు, టైల్స్ వేసే అలవాటు ఇంకా పోలేదు. మొరం తెప్పించే ఖర్చు మిగులుతుంది. కానీ ఆ గచ్చు మీద బరువే లేదు కాబట్టి ఒకటి రెండు వానాకాలాల్లో గది మధ్యలో టైల్స్ పొంగుతాయి, గోడ పక్కన సందు పడుతుంది. మొరంతో మిగుల్చుకున్న డబ్బు కన్నా టైల్స్ మళ్లీ వేయడానికే ఎక్కువవుతుంది.

బీటను చదవడం

డాక్టరు నాడి చూసినట్టు, బీటను చూసి చాలా సంగతులు చెప్పొచ్చు. చూడాల్సినవి దాని దిక్కు, ఎక్కడ వెడల్పుగా ఉంది, గోడకు ఇటూ అటూ ఉందా అన్నవి.

గోడంతా సాలెగూడులా చిన్న చిన్న గీతలుంటే అది ప్లాస్టరింగ్ ఎండిపోవడం వల్ల వచ్చింది. పునాదికి సంబంధం లేదు. పిల్లరుకూ ఇటుక గోడకూ కలిసే చోట నిలువుగా, బీము కింద అడ్డంగా గీసినట్టు సూటిగా ఉంటే రెండు వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా కుదించుకుపోయాయని అర్థం. ఆ అతుకు మీద చికెన్ మెష్ (సన్నటి ఇనుప వల) వేయకుండా ప్లాస్టరింగ్ చేసిన ఇళ్లలో ఇది మామూలు. పై అంతస్తులో, శ్లాబు కిందనే అడ్డంగా వచ్చే బీట ఎండకు శ్లాబు వ్యాకోచించడం వల్ల వచ్చినదై ఉంటుంది. వీటిలో దేనికీ పునాది తవ్వాల్సిన పని లేదు.

పునాది కదలిక వల్ల వచ్చే బీట సాధారణంగా ఏటవాలుగా ఉంటుంది. ఇటుక కట్టడంలో అతుకుల వెంట మెట్లు మెట్లుగా పోతుంది. కిటికీ, తలుపు మూలల నుంచి మొదలవుతుంది, ఎందుకంటే గోడలో బలహీనమైన చోట్లు అవే. ప్లాస్టరుతో ఆగకుండా గోడ అవతలి వైపునా అదే చోట కనిపిస్తుంది. ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పే కథ చెబుతుంది. గోడ మధ్యలో ఉన్న బీట పైన వెడల్పుగా ఉంటే రెండు చివరలు దిగాయని లేదా నడుమ లేచిందని అర్థం. కింద వెడల్పుగా ఉంటే నడుమ కుంగింది. ఏటవాలు బీటకు లంబంగా ఒక గీత ఊహించుకుంటే, ఆ గీత కిందికి చూపే వైపే కుంగిన వైపు. అటువైపు ఏముందో చూడాలి: బాత్రూం పైపా, సంపా, చెట్టా, కొళాయి దిమ్మెనా?

ఒక జాగ్రత్త అవసరం. ఒక మూల కుంగడమూ, ఎదుటి భాగం లేవడమూ గోడ మీద ఒకే రకం బీటను గీస్తాయి. రెంటికీ మందు వేరు. ఏ కాలంలో వెడల్పవుతోందో చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఏడాది ఆగకుండా వెంటనే ఇంజనీరుకు చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లరులో నిలువు బీటలు లేదా కాంక్రీటు పెచ్చులూడటం, పిల్లరు దగ్గర బీములో ఏటవాలు బీట, ఇనుము వెంట పోతూ తుప్పు మరక కారుతున్న బీట, గోడ ఒక పక్కకు ఒరగడం. ఇవి ఇంటి బరువు మోసే భాగాలకు సంబంధించినవి. ఇలాంటి చోట సపోర్టులు పెట్టడమే మొదటి పని కావచ్చు.

కొలవడం: ఒక వానాకాలం, ఒక ఎండాకాలం

బీట వెడల్పును బట్టి నష్టాన్ని అంచనా వేయడానికి బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ రూపొందించిన వర్గీకరణ చాలా దేశాల్లో వాడుకలో ఉంది. లండన్ బంకమట్టి కూడా ఉబ్బి కుదించుకుపోయేదే. 1976 నాటి కరువు వేసవిలో అక్కడ వేల ఇళ్లు బీటలు వారాయి. ఆ వర్గీకరణ ప్రకారం ఒక మిల్లీమీటరు లోపు బీటకు రంగు వేసుకుంటే చాలు. ఐదు మిల్లీమీటర్ల దాకా పూడ్చుకుంటే సరిపోతుంది, తలుపులు కాస్త పట్టేయొచ్చు. 5 నుంచి 15 మధ్య ఉంటే గోడ కొంత తీసి కట్టాల్సి రావచ్చు. 25 దాటితే ఇంటి నిలకడే ప్రశ్న.

ఒకరోజు కొలతతో పని కాదు. బీట రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయాలి. బీటకు ఇటూ అటూ రెండు చిన్న స్క్రూలు బిగించి, నెలకోసారి వెర్నియర్ కాలిపర్‌తో వాటి మధ్య దూరం కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సన్నటి గాజు ముక్కను బీట మీద అడ్డంగా అతికించడం పాత పద్ధతి. కదిలితే గాజు పగులుతుంది. కాకపోతే ఎంత కదిలిందో, ఎటు కదిలిందో గాజు చెప్పదు. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపుతో బేస్‌మట్టం చుట్టూ నాలుగైదు చోట్ల గుర్తులు పెట్టి, మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చూస్తే ఏ మూల లేస్తోందో, ఏ మూల దిగుతోందో బయటపడుతుంది. మొదటిసారి తేడా కనబడితే కంగారు అక్కర్లేదు, కట్టినప్పుడే లెవెల్ కాస్త తప్పి ఉండొచ్చు. రెండు కొలతల మధ్య వచ్చిన మార్పే అసలు సమాచారం.

అక్టోబరులో మూసుకుని మేలో తెరుచుకునే బీట అంచుల మట్టి ఎండడాన్ని చెబుతోంది. కాలంతో పనిలేకుండా ఒకే వైపు పెరుగుతూ పోయే బీట మరో సంగతి చెబుతోంది: పైపు లీకు, సరిగా దిమ్మిస చేయని పూడిక మట్టి మీద కట్టడం, లేదా మోయలేని బరువు. ఏడాదంతా కదలకపోతే అది పాత గాయం, పూడ్చుకోవచ్చు.

ముందు నీళ్ల సంగతి

నల్లరేగడి ఇంట్లో పెట్టే ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చేది నీటి దారి మార్చడమే. బీటల్లో గట్టి జిగురు నింపే ఇంజెక్షన్లూ ఎపాక్సీలూ దాని తర్వాతే.

శ్లాబు మీది వాన నీరు పైపులోంచి గోడ పక్కనే పడుతుంటే ఆ మూల మట్టి ప్రతి వానకూ ఉబ్బుతుంది. ఆ నీటిని కాలువ ద్వారా దూరం పంపాలి. ఇంటి చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల వెడల్పున, బయటికి వాలుగా ఏప్రన్ (గోడను ఆనుకుని వేసే కాంక్రీటు గచ్చు) వేసి, గోడకూ ఏప్రన్‌కూ మధ్య సందును సాగే సీలెంట్‌తో మూయాలి. ఇది తడినీ ఆపుతుంది, ఎండనూ ఆపుతుంది. పునాది పక్క మట్టి అన్ని కాలాల్లో దాదాపు ఒకే తేమతో ఉంటుంది. కావాల్సింది అదే.

లీకులు పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రాత్రి కొళాయిలన్నీ కట్టేసి సంపులో, పైన ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టి ఉదయం చూస్తే చాలు. బాత్రూం నుంచి సెప్టిక్ ట్యాంకుకు పోయే పైపు అతుకులు మాత్రం ఇలా దొరకవు, వాటిని ఒకసారి తెరిచి చూడాల్సిందే.

ఇంకుడు గుంత విషయంలో తరచూ పొరపాటు జరుగుతోంది. వాన నీటిని ఇంకించాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతుంది, ఆ అవసరం నిజమే. కానీ చిన్న స్థలంలో చోటు లేక గోడకు ఆనుకుని గుంత తీస్తే, ఉబ్బే మట్టికి నీళ్లు పోసి పెంచినట్టే. స్థలంలో పునాదికి వీలైనంత దూరపు మూలలో, నల్లమట్టి పొర దాటి కిందికి వెళ్లేలా గుంత ఉండాలి.

చెట్లు ఇందుకు విరుద్ధమైన పని చేస్తాయి. రావి, మర్రి, యూకలిప్టస్ లాంటివి వేసవిలో పునాది కింది తేమను కూడా లాగేస్తాయి, ఆ వైపు నేల కుంగుతుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో ఇంటికి అంత దూరంలో ఉండాలన్నది ఒక మోటు లెక్క. అయితే ఇంటి కన్నా ముందు నుంచీ ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేయడం కూడా ప్రమాదమే. అది ఏళ్లుగా తాగుతున్న నీరు ఇక మట్టిలోనే మిగిలి, నేల కొన్నేళ్లపాటు ఉబ్బుతూ పోతుంది.

పూడ్చడం

కదలిక ఆగిందని తేలాకే పూడ్చే మందు ఎంచుకోవాలి. ఇటుక గోడలో సన్నటి బీటను వి ఆకారంలో కోసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపి, పైన మెష్ వేసి ప్లాస్టరింగ్ చేస్తారు. వెడల్పాటి బీటకు అడ్డంగా ఇటుక అతుకుల్లో స్టీలు కడ్డీలు పొదిగి కుట్టినట్టు బిగించడం స్టిచింగ్.

కాంక్రీటు బీములో, ఫుటింగులో అయితే ఎపాక్సీ ఇంజెక్షన్. చిన్న గొట్టాలు అమర్చి, కింది నుంచి పైకి ఒత్తిడితో నింపుతారు. గట్టిపడ్డాక ఆ అతుకు కాంక్రీటు కన్నా బలంగా ఉంటుంది. చిక్కూ అందులోనే ఉంది: ఇంకా కదులుతున్న బీటలో ఎపాక్సీ నింపితే అతుకు పగలదు, పక్కన మంచి కాంక్రీటు పగులుతుంది. నీరు ఊరే బీటల్లో పాలియురెథేన్ వాడతారు. అది తడి తగిలి నురగలా పొంగి నీటిని ఆపుతుంది, బలం మాత్రం ఇవ్వదు. కొంచెం కొంచెం కదలిక తప్పని చోట సాగే సీలెంట్ పెట్టి, దాన్ని ఒక జాయింటుగానే వదిలేయడం మంచిది. సిమెంటు పాలు పోసి సరిపెట్టడం పునాది బీటల విషయంలో పైపూతతో సమానం.

పునాదినే పట్టుకోవాల్సి వస్తే

నీటి దారులన్నీ సరిచేశాక కూడా ఒక వైపు కుంగుతూనే ఉంటే అండర్‌పిన్నింగ్ దాకా వెళ్లాలి. పాత పునాది కింద మూడు, నాలుగు అడుగుల ముక్కలుగా తవ్వి, గట్టి నేల దాకా కొత్త కాంక్రీటు వేసి, పాత దానికీ కొత్త దానికీ మధ్య సందును బిగుతుగా కూరుతారు. పక్కపక్క ముక్కలు ఒకేసారి తవ్వకూడదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఈ నియమం తప్పితే బాగుచేయబోయిన గోడే కూలుతుంది. పునాది పక్క నుంచి సన్నటి మైక్రోపైళ్లు (నేలలోకి లోతుగా దిగే స్తంభాలు) దించి బరువును లోతుకు మళ్లించడం మరో దారి. రెండూ ఖరీదైనవే, స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ లేకుండా మొదలుపెట్టకూడనివే. సున్నం ద్రావణాన్ని మట్టిలోకి ఎక్కిస్తే అందులోని కాల్షియం బంకమట్టి ఉబ్బే గుణాన్ని తగ్గిస్తుంది. అయితే బిగుతైన నల్లమట్టిలో ద్రావణం అంతటా పాకదు కనుక కట్టేసిన ఇంటి కింద ఫలితం అంతంతమాత్రం.

డల్లాస్‌లో అదే మట్టి, వేరే ఉపాయం

అమెరికాలో తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ ప్రాంతం బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నల్లనేలల పట్టీలో ఉంది. అదీ మన రేగడి జాతిదే. అక్కడి ఇళ్లు ఎక్కువగా ఫుటింగుల మీద కాకుండా, నేల మీద పరిచిన ఒకే కాంక్రీటు పలక మీద నిలుస్తాయి. పలక లోపల స్టీలు తీగలను లాగి బిగించడం వల్ల అది ముక్కలుగా కాకుండా ఒకే పడవలా కదులుతుంది. వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టాలు పరిచి మట్టిని కొంచెం కొంచెం తడుపుతూ ఉండటం అక్కడి ఇంటివారి దినచర్య. కొత్తగా ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ఇది వింతగా అనిపించినా, లెక్క అదే: తేమ మారకపోతే మట్టి కదలదు. నీటి ఎద్దడి ఉండే మన ఊళ్లలో వేసవి తడుపు కన్నా ఏప్రనే ఆచరణకు వచ్చే మార్గం.

ఇంకా కట్టని ఇంటికి

ఈ మట్టి గుణం తెలుసుకునే పరీక్ష చాలా చిన్నది. జల్లించి ఎండబెట్టిన మట్టి పది గ్రాములు నీళ్లున్న కొలజాడీలో, మరో పది గ్రాములు కిరోసిన్ ఉన్న జాడీలో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లు, నీళ్లలో 18 ఉంటే ఉబ్బుడు 80 శాతం. 50 దాటితే జాగ్రత్త పడాలి, 100 దాటితే మామూలు పునాది ఆలోచనే మానుకోవాలి.

అలాంటి చోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైళ్లు నమ్మకమైనవి. కింద ఉల్లిగడ్డలా ఉబ్బెత్తు ఉన్న ఈ పైళ్లు తేమ మారే పొర దాటి దిగి, మట్టి పైకి తోసినా కదలకుండా పట్టుకుంటాయి. పైన బీము కింద కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని మట్టితో నింపేస్తే పైళ్లకు పెట్టిన డబ్బంతా వృథా. ఫుటింగు కింద ఇసుక పరవడం కన్నా, ఉబ్బని బంక గుణమున్న మొరం దాదాపు మీటరు మందాన పొరలు పొరలుగా దిమ్మిస చేయడం మేలని ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనలు చూపాయి. నల్లమట్టి గుంతలో పోసిన ఇసుక వాన నీటిని తొట్టిలా నిలిపి ఉంచుతుంది.

ఖర్చు ఎవరిది

ఫ్లాటు లేదా రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదైన ప్రాజెక్టులో ఇల్లు అయితే, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. సరిచేయకపోతే పరిహారం కోరవచ్చు. అది ప్లాస్టరు గీతేనని బిల్డరు, పునాది బీటేనని యజమాని వాదించుకునే దగ్గర తేదీలతో రాసిన కొలతలు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు పనికొస్తాయి. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్న ఇంటికి ఈ రక్షణ ఉండదు. అక్కడ ఆధారం రాతపూర్వక ఒప్పందమే. మట్టి పరీక్ష ఎవరు చేయించాలి, బేస్‌మట్టంలో ఏం నింపాలి, ఎన్నేళ్ల వరకు బాధ్యత అన్నవి గుంత తవ్వకముందే అందులో రాసుకోవాలి.